కృష్ణా తీర చరిత్ర – 6: ఇసుక మీద ఆనకట్ట

గత భాగం డొక్కల కరువు దగ్గర ఆగింది. 1832–33లో ఒక్క గుంటూరు ప్రాంతంలోనే లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా చనిపోయారని అప్పటి అంచనాలు. ఆ చావులు జరిగిన ఊళ్ల పక్కనే కృష్ణ ఉంది. వరద రోజుల్లో లక్షల క్యూసెక్కులు హంసలదీవి వైపు సాగిపోయి సముద్రంలో కలిసేవి. నది మట్టం కంటే పొలాల మట్టం ఎత్తు కాబట్టి ఆ నీళ్లలో చాలా భాగం రైతు కంటికి కనబడుతూనే చేతికందకుండా పోయేది. నీటిని కొన్ని అడుగులు పైకి లేపితే చాలు, మిగతా పని నేల వాలే చేసిపెడుతుందని పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచే కంపెనీ ఇంజనీర్లు కాగితాల మీద రాస్తూ వచ్చారు. కాగితం కట్టడంగా మారడానికి అరవై ఏళ్లు, ఒక మహా కరువు పట్టాయి.

చోటు విషయంలో ఎవరికీ పెద్దగా సందేహం లేదు. బెజవాడ దగ్గర ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య నది ఇరుకవుతుంది. కట్ట రెండు చివరలూ కొండలకు ఆనుతాయి. రాయి కోసం ఎక్కడికో పోనక్కరలేదు, ఆ కొండలే క్వారీలు. ఇంకా కిందికి పోతే ఒడ్డున రాయి దొరకదు, నది కూడా వెడల్పయిపోతుంది. 1852లో పని మొదలైంది. అదే ఏడాది గోదావరి మీద ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ తలపెట్టిన ఆనకట్ట పూర్తయింది. అక్కడ నేర్చిన పద్ధతినే ఇక్కడా అనుసరించారు. బెజవాడలో పని నడిపినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన కెప్టెన్ చార్లెస్ ఆర్. 1855 నాటికి 3,714 అడుగుల పొడవున రాతి కట్ట నదికి అడ్డంగా నిలిచింది. ఒడ్డున తూర్పు, పశ్చిమ కాలువల తలతూములు, వాటి పక్కన పడవలు ఎక్కి దిగడానికి లాకులు వచ్చాయి. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ బెజవాడను నీళ్ల ఊరుగా మార్చిన కథ వేరే భాగంలో వస్తుంది.

ఇక్కడ ఒక విషయం దగ్గర ఆగాలి. చివరలు కొండలకు ఆనినా, నడుమ కట్టకు కింద రాయి లేదు, ఇసుక ఉంది. నదీగర్భంలో లోతుగా పేరుకున్న ముతక ఇసుక అది. నీరు సులువుగా దూరిపోయే పదార్థం మీద నీటిని నిలబెట్టే కట్టడాన్ని కట్టారన్నమాట. పైన ఎంత గట్టి రాయి పేర్చినా, నిలిచిన నీరు కింది ఇసుకలోకి దిగి, కట్ట అడుగు నుంచి నడిచి, దిగువన పైకి తేలుతుంది. ఆనకట్ట పైన దూకే కృష్ణతో పాటు ఆనకట్ట కింద పాకే కృష్ణ ఒకటి ఉంది. మన చరిత్ర పుస్తకాలు మొదటిదాని గురించే రాశాయి. ఆనకట్ట బతుకు మాత్రం రెండోదాని మీద ఆధారపడింది.

ఆ రెండో కృష్ణ లెక్క 1852లో ఎవరికీ తెలియదు. కాటన్‌కు కూడా తెలియదు. ఆయన దగ్గర ఉన్నది అనుభవం. తంజావూరు సీమలో కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై ఆయనకు గురువు. లోతు తెలియని ఇసుకలో పెద్ద రాళ్లు వేస్తే అవి దిగుతాయి. దిగినచోట మళ్లీ వేస్తే మరికొంత దిగుతాయి. ఎప్పుడో ఒకప్పుడు దిగడం ఆగుతుంది. ఆ ఆగిన రాళ్ల మీద కట్టవచ్చు. ఇసుకలో పునాది వేసే ఈ విద్యను పాతకాలపు ఈ దేశపు పనివాళ్ల నుంచే నేర్చుకున్నామని కాటన్ బాహాటంగా ఒప్పుకున్నాడు. దాన్నే 1836లో కొల్లడం మీద వాడాడు, తర్వాత గోదావరి మీద వాడాడు. బెజవాడ ఆనకట్టలోనూ సున్నం కట్టుబడి గోడ వెనుక దిగువ వైపుకు పొడవాటి వాలుగా రాళ్లు పరిచారు. ఆ వాలు వెడల్పు చూస్తే అనవసరంగా రాయి ఖర్చు చేశారనిపించవచ్చు. నిజానికి కట్టను అన్నాళ్లు కాపాడింది ఆ వెడల్పే. ఎందుకో తెలియడానికి కొంతకాలం పట్టింది.

సరిగ్గా మన ఆనకట్ట పూర్తయిన 1855లోనే, ఫ్రాన్సులోని డిజాన్ పట్టణంలో ఆన్రీ డార్సీ అనే ఇంజనీరు ఒక ఆసుపత్రి ఆవరణలో నిలువు గొట్టం నిలబెట్టాడు. లోపలి వ్యాసం 35 సెంటీమీటర్లు. అందులో ఇసుక నింపి పైనుంచి నీరు వదిలి, ఎంత ఒత్తిడికి ఎంత నీరు కిందికి దిగుతుందో కొలిచాడు. ఆయనకు కావలసింది ఊరి తాగునీటిని వడగట్టే ఇసుక పడక లెక్క. మరుసటి ఏడు, 1856లో, డిజాన్ నీటి సరఫరా మీద రాసిన పుస్తకం చివర ఒక అనుబంధంలో ఫలితం అచ్చువేశాడు. ఇసుకలో పారే నీరు, పై మట్టానికీ కింది మట్టానికీ ఉన్న తేడాను బట్టి పెరుగుతుంది, నడవాల్సిన ఇసుక దారి పొడవును బట్టి తగ్గుతుంది. చెప్పడానికి రెండు ముక్కలే. ఆర్ దొరగారి రాతి వాలు ఎందుకు పనిచేసిందో ఆ రెండు ముక్కల్లో ఉంది. కట్ట ఎంత వెడల్పుగా ఉంటే కింది నీటికి దారి అంత పొడవవుతుంది, నడక అంత మందగిస్తుంది. ఒకే ఏడాది ఒకచోట కట్టడం, మరోచోట దాని సూత్రం తయారయ్యాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి కలుసుకోవడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

నీరు ఇసుకలో ఎందుకు అంత నెమ్మదిగా నడుస్తుంది? పిడికెడు ముతక ఇసుకలో మూడో వంతుకు పైగా, ఒక్కోసారి నలభై శాతం దాకా ఖాళీయే. కానీ ఆ ఖాళీ వెంట్రుకవాసి సందులుగా చీలిపోయి ఉంటుంది. రేణువును తాకిన నీటి పొర రేణువునే పట్టుకుని ఉంటుంది. దాని మీది పొరను అది వెనక్కి లాగుతుంది, ఆ పొర పై పొరను లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టి ఉంచే ఈ గుణాన్నే మనం జిగట అంటాం. తేనెలో ఎక్కువ, నీటిలో తక్కువ, కానీ నీటిలోనూ ఉంది. పారే నదిలో గట్టూ అడుగూ దూరంగా ఉంటాయి కాబట్టి నీరు సుడులు తిరుగుతూ, గుద్దుకుంటూ పోగలదు. ఇసుక సందులో అంత చోటు లేదు. నీరు పొరలు పొరలుగా, పక్కకు తొణకకుండా జారిపోవాల్సిందే.

ఈ రెండు రకాల పారుదలకూ హద్దు ఎక్కడుందో 1883లో మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో రంగునీళ్లు వదిలి చూపించాడు. వేగాన్నీ దారి వెడల్పునూ గుణించి జిగటతో భాగించగా వచ్చే ఒక సంఖ్య ఆయన పేరనే ఉంది. గొట్టాల్లో ఆ సంఖ్య రెండు వేలు దాటిన ప్రాంతంలో రంగుగీత చెదిరి సుడులు మొదలవుతాయి. వరద కృష్ణలో ఆ సంఖ్య కోట్లలో ఉంటుంది. ఆనకట్ట కింది ఇసుకలో మామూలుగా ఒకటి కూడా ఉండదు. ఒకే నది, ఒకే రోజు, ఒకే చోట, పైన ఒక స్వభావం, కింద మరో స్వభావం. పైన సెకనుకు రెండు మూడు మీటర్లు పరుగెత్తే నీరు, కింద ముతక ఇసుకలో రోజంతా నడిచినా పది ఇరవై మీటర్లు దాటదు. ఎండాకాలంలో కాస్త వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల నీటి కంటే 30 డిగ్రీల నీటికి జిగట ఐదో వంతు తక్కువ, కాబట్టి అదే ఇసుకలో అదే ఒత్తిడికి దాదాపు నాలుగో వంతు ఎక్కువ నీరు జారుతుంది.

నెమ్మదిగా నడిచే నీరు అపాయం చేయదనుకుంటే పొరపాటు. కట్ట దాటి దిగువన నీరు పైకి తేలేటప్పుడు ఇసుక రేణువులను కింది నుంచి ఎత్తుతుంది. రేణువు తన బరువుతో కిందికి లాగుతుంది. ఎవరిది పైచేయి అన్నదే ప్రశ్న. వియన్నాలో 1925లో కార్ల్ టెర్జాఘీ మట్టి యాంత్రికశాస్త్రానికి పునాది వేసిన గ్రంథం తెచ్చాక ఈ తూకం లెక్క అందరికీ అందింది. ఆ లెక్కను ఇక్కడే వేసుకోవచ్చు. ఇసుక రేణువు నీటి కంటే 2.65 రెట్లు బరువు. నీళ్లలో మునిగినప్పుడు దాని బరువులో నీటి వంతు ఒకటి పోతే మిగిలేది 1.65. ఇసుకలో రేణువులు అరవై శాతం, ఖాళీ నలభై శాతం అనుకుందాం. 1.65లో అరవై శాతం అంటే 0.99. దాదాపు ఒకటి. అంటే ఒక మీటరు మందం ఇసుకను దాటి పైకి వచ్చేలోపు నీరు ఒక మీటరు మట్టాన్ని కోల్పోతోందంటే, ఆ ఇసుకకు బరువు లేనట్టే. రేణువులు ఒకదాని మీద ఒకటి ఆనడం మానేస్తాయి. అప్పటిదాకా మనిషినీ బండినీ మోసిన నేల ద్రవమైపోతుంది. పొయ్యి మీద సంకటిలా కుతకుతలాడుతుంది. రేణువుల ఆకారం, రసాయనం ఏమీ మారలేదు, ఉష్ణోగ్రత మారలేదు. రేణువుల మధ్య ఆనుడు పోయిందంతే. పదార్థం ఘనమా ద్రవమా అన్నది దాని కణాలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉన్నాయన్న దాన్ని బట్టే ఉంటుందని బడిలో చదువుకున్న మాటకు ఇంతకంటే పెద్ద రుజువు నాకు తెలియదు.

అలా పొంగిన ఇసుక నీటితో కొట్టుకుపోతే ఆ చోట సొరంగం మొదలవుతుంది. సొరంగం వెనక్కి, కట్ట కిందికి పెరుగుతుంది. దారి పొట్టి అయిన కొద్దీ నీటి జోరు పెరుగుతుంది. ఎగువ నీటిని అందుకున్న క్షణాన కట్ట కూలుతుంది.

ఈ ప్రమాదాన్ని ఉత్తరాది నదులు ముందుగా చవిచూశాయి. చీనాబ్ మీది ఖాంకీ ఆనకట్ట 1895లో దెబ్బతిన్నప్పుడు, రూర్కీలోని థామసన్ కళాశాలలో కర్నల్ క్లిబ్బర్న్ ఆ నది ఇసుకనే తెప్పించి అందులో నీటి నడకను కొలిచాడు. డార్సీ గొట్టం ఎట్టకేలకు భారతదేశపు ఆనకట్ట దగ్గరికి చేరింది. 1898లో గంగ మీది నరోరాలో, కింది నీటి ఒత్తిడికి కట్ట దిగువ గచ్చు పైకి లేచిపోయింది. ఈ అనుభవాలన్నీ కూడగట్టి 1910లో డబ్ల్యూ. జి. బ్లై ఒక సులువు సూత్రం ఇచ్చాడు. కట్ట అడుగును అంటిపెట్టుకుని నీరు పాకే దారి మొత్తం పొడవు, నిలిపిన నీటి ఎత్తుకు ఇన్ని రెట్లు ఉండాలి. ఎన్ని రెట్లన్నది ఇసుకను బట్టి. నైలు నది వంటి సన్నని ఒండ్రుకు 18 రెట్లు, హిమాలయ నదుల అభ్రకపు సన్న ఇసుకకు 15, మధ్య, దక్షిణ భారత నదుల ముతక ఇసుకకు 12.

ఆ పన్నెండు మన కృష్ణది. పన్నెండు అడుగుల నీరు నిలపాలంటే కింది నీటికి కనీసం 144 అడుగుల దారి చూపించాలి. బ్లై సూత్రానికి యాభై ఐదేళ్ల ముందే ఆర్ పరిచిన వెడల్పాటి రాతి వాలును ఈ కొలతతో చూస్తే, కాటన్ కల్లణై దగ్గర నేర్చిన పాఠం ఎంత విలువైనదో అర్థమవుతుంది. పుస్తకం లేకుండా, నది దగ్గర నిలబడి వందల ఏళ్లు చూసిన మనుషుల జ్ఞానం అది. కృష్ణా డెల్టా చరిత్రలో కాటన్‌కు విగ్రహాలు ఉన్నాయి, ఉండాలి కూడా. ఆ చోళ పనివాళ్లకు మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ అయినా ఉండాలని నా అభిప్రాయం.

బ్లై సూత్రంలో లోపం ఉందని తేల్చినవాడు పంజాబు ఇంజనీరు అయోధ్యనాథ్ ఖోస్లా. ఎగువ చీనాబ్ కాలువ మీద ఆ సూత్రం ప్రకారమే కట్టిన సైఫన్లు 1926–27లో ఇబ్బంది పెట్టాయి. ఖోస్లా గచ్చు కిందికి గొట్టాలు దించి అసలు ఒత్తిడి ఎంతుందో కొలిపించాడు. లెక్క కలవలేదు. నీరు కట్ట అడుగును అంటిపెట్టుకుని పాకడం లేదు, ఇసుక లోతుల్లో వంపు తిరిగి పోతోంది. ఒత్తిడి దారి పొడవునా సమానంగా తగ్గడం లేదు. దిగువ చివర నీరు పైకి తేలేచోట అది ఎంత జోరుగా తేలుతోందన్నదే ప్రాణాంతకం. అందుకే దిగువ చివర ఇసుకలోకి లోతుగా ఒక అడ్డుగోడ దించాలి. బోస్, టేలర్‌లతో కలిసి 1936లో ఆయన తెచ్చిన గ్రంథం ఇసుక మీద కట్టే ప్రతి బ్యారేజికీ పాఠ్యపుస్తకమైంది. నందికొండ దగ్గర ప్రాజెక్టు కట్టవచ్చని, అంటే నేటి నాగార్జునసాగర్‌కు, సిఫారసు చేసిన కమిటీకి అధ్యక్షుడూ ఈ ఖోస్లానే. మన కృష్ణతో ఆయన బంధం రెండు వైపులా ఉంది.

తొంభై ఏడేళ్లు నిలిచిన పాత ఆనకట్టకు 1952లో గండి పడింది. కొత్తగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం 1954లో బ్యారేజి పని మొదలుపెట్టింది, 1957లో అది ముగిసింది. ఆ ఏడాదే కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పంతులు పేరు దానికి పెట్టారు. పొడవు 1,223.5 మీటర్లు, నలభై అడుగుల వెడల్పు ఖానాలు డెబ్బై, పైన రోడ్డు. దాని కింద 13 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు. అడుగున మాత్రం పాత సంగతే, ఇసుక.

బ్యారేజిని జలాశయంగా చూసేవారికి ఒక లెక్క చెప్పాలి. దానిలో నిలిచేది 3.07 టీఎంసీలు. 2024 సెప్టెంబరు 2న రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు దాన్ని దాటాయి. ఆ ప్రవాహంలో బ్యారేజి నిండా ఉండే నీరంతా ముప్పావు గంటలో వెళ్లిపోతుంది. అంత వరదను ఆపడం దాని పని కాదు, ఆపలేదు కూడా. గేట్లన్నీ ఎత్తి దారి ఇవ్వడమే చేయగలిగింది. కొట్టుకొచ్చిన పడవలు ఢీకొని గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి, వాటిని వరద మధ్యనే మార్చారు. కట్ట నిలిచింది.

అలాంటి రోజుల్లో అసలు పోరాటం దిగువన కరకట్టల మీద జరుగుతుంది. 2009 అక్టోబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు భట్టిప్రోలు మండలం ఓలేరు దగ్గర కరకట్టకు గండి పడి రేపల్లె ప్రాంతం మునిగింది. వరద రాత్రుల్లో గట్టు వెంట లాంతర్లు, టార్చిలు పట్టుకుని తిరిగే లస్కర్లూ రైతులూ చూసేది గట్టు పైభాగాన్ని కాదు, పొలం వైపు అడుగును. అక్కడ ఊట కనబడితే దోసిట్లోకి తీసుకుని చూస్తారు. తేటగా ఉంటే గట్టు తట్టుకుంటోంది. బురదగా, ఇసుకగా వస్తే గట్టు లోపలి మట్టి కదిలిపోతోంది. అప్పుడు కొత్తవాడు ఆ బుగ్గ నోరు మూయబోతాడు. అనుభవం ఉన్నవాడు మూయడు. మూస్తే నీరు పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది. బుగ్గ చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా గట్టు పెడతారు, రింగ్ బండ్ అంటారు. లోపల నీరు నిలిచి మట్టం పెరుగుతుంది. నది మట్టానికీ దానికీ తేడా తగ్గుతుంది. తేడా తగ్గితే నడక తగ్గుతుంది, ఇసుక మళ్లీ తన బరువును తాను పొందుతుంది. డార్సీ పేరు విననివాళ్లు డార్సీ సూత్రాన్ని చీకట్లో, వానలో అమలు చేస్తారు.

ఇప్పుడు వర్తమానానికి వద్దాం. నీటిలో రేణువు మునిగే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుందని 1851లో జార్జ్ స్టోక్స్ తేల్చాడు. 0.06 మిల్లీమీటర్ల రేణువు నిలకడ నీటిలో మీటరు దిగడానికి ఐదు నిమిషాలు చాలు. 0.002 మిల్లీమీటర్ల బంకమట్టి రేణువుకు మూడు రోజులు పైనే పడుతుంది. అందుకే నీరు నిలిచే ప్రతి చోటా ఇసుక ముందుగా అడుగున పడిపోతుంది, బంకమన్ను మాత్రం ముందుకు పోతుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల కట్టాక ఎగువ నుంచి వచ్చే ఇసుక ఆ జలాశయాల అడుగునే ఉండిపోతోంది. విజయవాడ దిగువన నదిలో ఇవాళ ఉన్న ఇసుక చాలావరకు పాత నిల్వ. తీసినంత తిరిగి రాదు.

ఆ ఇసుకను తవ్వితే నది మట్టం దిగుతుంది. దిగువ మట్టం దిగితే ఎగువకూ దిగువకూ తేడా పెరుగుతుంది. చివరి రేణువుల మీది బరువు తగ్గుతుంది. డార్సీ, టెర్జాఘీ, ఖోస్లా ముగ్గురూ వేరువేరుగా చెప్పిన ప్రమాదం ఒకేచోట కలుస్తుంది. బ్యారేజీలకు, వంతెనలకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదన్న నిబంధన వెనుక ఉన్న కారణం ఇదే. కాటన్ 1836లో కట్టించిన కొల్లడం ఆనకట్ట, ముక్కొంబు దగ్గర, 2018 ఆగస్టులో తొమ్మిది షట్టర్లతో సహా కూలినప్పుడు అక్కడి రైతు సంఘాలు మొదట వేలెత్తి చూపింది దిగువ ఇసుక తవ్వకాల వైపే.

ప్రకాశం బ్యారేజి దిగువన రాతి ఆప్రాన్ పక్కన పడి ఉన్న ఇసుక ఎవరిదీ కాని సరుకు కాదు. డెబ్బై ఖానాలతో పాటు అదీ కట్టడంలో భాగమే, లెక్కల్లో దానికీ చోటుంది. కరకట్ట గ్రామాల వారు, నీటి సంఘాల వారు ఆ నిబంధన అమలును అడగాలి. రాత్రిపూట లారీలు దిగే చోట్ల గురించి గ్రామసభలో రాయించాలి, రాయించిన కాగితం నకలు దగ్గర పెట్టుకోవాలి.

వచ్చే భాగంలో దివిసీమకు వెళదాం. అక్కడ నేల కింద తీపి నీరు ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది. కాలువ ఎండిన ఏడు బావుల్లో ఉప్పదనం ఎందుకు పైకి వస్తుందో చూద్దాం.